అమ్మ వైపు వాటా
(మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)

భోజనాల వేళయింది కాబట్టి తొందరగానే ముగిస్తాను.

జీవకణం అనగానే అందరూ కేంద్రకం గురించే మాట్లాడతారు. పెళ్ళిలో అందరి కళ్ళూ పీటల మీదే ఉంటాయి, వంటల పందిరి వైపు ఎవరూ తొంగిచూడరు. కేంద్రకం చుట్టూ ఉండే కణద్రవ్యం ఆ వంటల పందిరి. బడిలో దాన్ని ఖాళీగా వదిలేసి బొమ్మ గీశాం కానీ, అక్కడ ప్రోటీన్లు తిరునాళ్ళలో జనంలా కిక్కిరిసి ఉంటాయి. గ్లూకోజును మొదట విరగ్గొట్టేది అక్కడే. కండరం బిగిసినప్పుడు అక్కరకొచ్చే ఫాస్ఫోక్రియాటిన్ నిల్వా అక్కడే. దాని సంగతి 1927లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ప్రకటించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సంబంధం అనగానే మనం గోత్రం అడుగుతాం. అది తండ్రిది. కేంద్రకంలో తల్లిదండ్రులిద్దరి వాటా ఉంటుంది. కణద్రవ్యం మాత్రం దాదాపు అంతా తల్లి అండంలోదే. అందులోని మైటోకాండ్రియాలకు సొంత డీఎన్ఏ ఉంది: 16,569 అక్షరాలు, 37 జన్యువులు. తండ్రి వైపు నుంచి వచ్చే కాసినీ అండంలో నశించిపోతాయి. కొడుక్కీ తల్లివే వస్తాయి, కానీ అతనితో ఆగిపోతాయి. కూతురు ముందుకు తీసుకెళ్తుంది.

వాటిలో లోపం ఉంటే, తల్లి ఆరోగ్యంగా కనిపించినా బిడ్డ దక్కకపోవచ్చు. మా పిన్ని ఇద్దరు పసివాళ్ళను పోగొట్టుకుంది. ఇంట్లోవాళ్ళు ఆమె జాతకం అన్నారు. ఆ పిల్లల జబ్బు ఇదేనని నేననను, అప్పుడెవరూ పరీక్షించలేదు. ఆమెను ఆడిపోసుకున్న మాటలు మాత్రం నా చెవిలో ఇంకా ఉన్నాయి.

ఈ దేశంలో 2015లో పార్లమెంటు ఒక చికిత్సకు అనుమతినిచ్చింది. ఫలదీకరణం అయిన తల్లి అండం నుంచి కేంద్రక పదార్థాన్ని తీసి, అదే దశలో ఉన్న మరొకావిడ అండంలో, దాని కేంద్రక పదార్థం తొలగించి, పెడతారు. ఇలా ఎనిమిది మంది పిల్లలు పుట్టారని న్యూకాజిల్ వైద్యులు 2025 జూలైలో ప్రకటించారు. పోలికలు అమ్మానాన్నలవే. కణద్రవ్యం మూడో మనిషిది. పిన్నికీ, అత్తకీ, మేనత్తకీ వేరువేరు పిలుపులున్న మన భాషలో ఈవిడకింకా వరస లేదు.

ఆ ఎనిమిది మందిలో నలుగురు ఆడపిల్లలు. రేపు వాళ్ళు తల్లులైతే, ఆ పిల్లలకు అందేవీ ఈవిడ మైటోకాండ్రియాలే.