వెబ్‌క్యామ్‌కి ఒక గాజు బిళ్ళ

ముదిగుబ్బలో వాన మొహం చాటేసే రోజులే ఎక్కువ కాబట్టి, తేటగా ఉండే రాత్రులకు కొదవ లేదు. వేరుశనగ చేను గట్టున చిన్న టెలిస్కోప్ నిలబెట్టి వెబ్‌క్యామ్ తగిలిస్తే, గురుగ్రహం చారలు ల్యాప్‌టాప్‌లో కనబడతాయి.

ఒక చిక్కుంది. ఇందుకోసం వెబ్‌క్యామ్ లెన్సు విప్పేస్తాం. పరారుణ (ఐఆర్) కాంతిని ఆపే బిళ్ళ చాలా వాటిలో ఆ లెన్సుతోనే ఊడొస్తుంది. మన కన్ను సుమారు 700 నానోమీటర్ల దాకానే చూస్తుంది. సెన్సారు 1000 దాకా పసిగడుతుంది. కటకాల టెలిస్కోప్‌లో ఆ కాంతి వేరే చోట ఫోకస్ అయి, గ్రహం అంచు అలుక్కుపోతుంది. టీవీ రిమోట్‌ను వెబ్‌క్యామ్‌కి చూపి మీట నొక్కండి. బల్బు తెరమీద ధగధగా వెలిగితే బిళ్ళ లేనట్టే. 1.25 అంగుళాల యూవీ-ఐఆర్ కట్ ఫిల్టర్ మర బిగించండి. ముందు కొనాల్సింది అదేనంటాను.

ఎండకు కాగిన నేల రాత్రి సెగలు వదులుతుంటే చంద్రుడు నీళ్లలో బొమ్మలా వణుకుతాడు. అప్పుడు కట్ ఫిల్టర్ బదులు 685 నానోమీటర్లకు పైబడిన కాంతినే వదిలే ఐఆర్ పాస్ ఫిల్టర్ పెట్టాలి. పొడవైన తరంగాలను గాలి తక్కువ కదిలిస్తుంది. బొమ్మ నలుపు తెలుపుల్లో, కాస్త మసకగా వస్తుంది, కానీ నిలకడగా ఉంటుంది.

వీటితో సూర్యుడి వైపు మాత్రం తిప్పకండి. దానికి టెలిస్కోప్ ముందు మూతికే సౌర ఫిల్టర్ బిగించాలి.