వార్డు విడవని పీజీ

నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చి వెనక వరుసల్లో కునికిపాట్లు పడుతున్న పిల్లల నిద్ర చెడకుండా త్వరగా ముగిస్తాను.

"బీఎస్సీ అయింది మేడమ్, ఎమ్మెస్సీలో ఏ స్పెషాలిటీ తీసుకోమంటారు?" ఎక్కడికెళ్లినా ఇదే ప్రశ్న. మెడికల్ సర్జికలా, పీడియాట్రిక్సా, సైకియాట్రీయా అని అప్పటికే ఇంట్లో లెక్కలు వేసుకుని వస్తారు. నేను మాత్రం ముందు ఇంకోటి అడుగుతాను: చదువయ్యాక ఎక్కడ ఉందామనుకుంటున్నావమ్మా, వార్డులోనా, క్లాసులోనా?

మన ఎమ్మెస్సీ మొదటి నుంచీ ఎక్కువగా క్లాసుకే దారితీసింది. 1959లో ఢిల్లీలో, ఇప్పటి రాజకుమారి అమృత్‌కౌర్ కాలేజీలో, మాస్టర్స్ మొదలైనప్పుడు పాఠం చెప్పేవాళ్ల అవసరం ఉంది. ఇప్పుడూ ఉంది, కాదనను. కానీ చెయ్యి తిరిగిన ఐసీయూ సిస్టర్ పీజీ కాగానే ట్యూటర్‌గా వెళ్లిపోతుంది. వార్డులోనే ఉంటే ఆ డిగ్రీకి చాలాచోట్ల జీతమూ పెరగదు, హోదా కూడా మారదు. వెళ్లిన పిల్లను ఏమనగలం?

ఇక పీజీతో అమెరికా వెళదామనుకునేవాళ్ల మాట. 1965లో కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్, పిల్లల డాక్టరు హెన్రీ సిల్వర్‌తో కలిసి నర్స్ ప్రాక్టీషనర్ చదువుకు పునాది వేశారు. ఇప్పుడక్కడ నర్స్ ప్రాక్టీషనర్లు రోగిని పరీక్షిస్తారు, మందులు రాస్తారు. మన ఎమ్మెస్సీ పట్టుకుని వెళితే ఆ హోదా రాదు. అక్కడి చదువు, అక్కడి సర్టిఫికేషన్ ఉండాల్సిందే. డబ్బు కట్టకముందే ఈ సంగతి తెలుసుకోండి.

వార్డు వదలకుండా పైకెళ్లే దారులు మన దగ్గరా పడ్డాయి. క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు రెండేళ్ల రెసిడెన్సీ. అందులో ఎక్కువ భాగం ఐసీయూలోనే గడుస్తుంది. నాకు మరింత ఆశ ఉన్నది మిడ్‌వైఫరీ మీద. కేంద్రం 2018లో మార్గదర్శకాలు ఇవ్వకముందే, 2017లో తెలంగాణ కరీంనగర్‌లో 18 నెలల శిక్షణ ప్రారంభించింది. అదే రాష్ట్రంలో ప్రసవాల్లో 60.7 శాతం సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. మామూలు కాన్పు చేయించే మిడ్‌వైఫ్‌ల అవసరం ఇంతకన్నా స్పష్టంగా ఎలా కనపడాలి?

శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ పని ఒకసారి దగ్గరుండి చూడండి. నొప్పులొచ్చిన మనిషిని కదలకుండా పడుకోబెట్టదు. నడిపిస్తుంది, బాల్ మీద కూర్చోబెడుతుంది, నడుము నిమురుతుంది. మధ్యమధ్యలో డాప్లర్ పెట్టి బిడ్డ గుండె వింటుంది. ఆ చప్పుడులో తేడా తోస్తే తటపటాయించకుండా డాక్టరును పిలుస్తుంది. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు పిలవాలో పుస్తకం చదివితే వచ్చేది కాదు. అందుకే ఎమ్మెస్సీకి ఏడాది అనుభవం చాలని నిబంధన ఉన్నా, మూడేళ్లు వార్డులో పనిచేసి రమ్మంటాను. అదీ సర్టిఫికెట్ మీది అనుభవం కాదు!

1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. చట్టం వస్తే పోస్టులు వాటంతటవే రావు. వార్డులో స్పెషలిస్టు నర్సుకు ప్రత్యేక క్యాడర్, దానికి తగ్గ జీతం ఇవ్వాలని ఇవాళ్టి మొదటి తీర్మానం. ముసాయిదా మీ ఫైళ్లలో ఉంది. మార్పులేమైనా ఉంటే భోజనాల వేళ నాకు చెప్పండి, మూడింటికి ఓటుకు పెడదాం.