పాలకు పరీక్ష ఉన్నట్లే నీటికీ పరీక్ష

(బొగ్గు గనుల ప్రాంతపు పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గోదావరి లోయలో బొగ్గు తవ్వకం 1889లో ఇల్లందు ప్రాంతంలో మొదలైంది. నేడు కొత్తగూడెం, రామగుండం, మందమర్రి, భూపాలపల్లి చుట్టుపక్కల పల్లెల్లో గనీ పాడీ పక్కపక్కనే సాగుతున్నాయి. మన పశువులు తాగేది అక్కడి వాగు నీరు, బావి నీరు. బర్రె పాలలో నూటికి సుమారు 83 పాళ్లు, ఆవు పాలలో 87 పాళ్లు నీరే. కనుక నీటి సంగతి పాల సంఘం సంగతేనని మనవి చేస్తున్నాం.

గని వలన నీటికి రెండు విధాల మార్పు రావచ్చు. మొదటిది మట్టం. గనిలో ఊరే నీటిని తోడి బయటికి పంపనిదే బొగ్గు తీయలేరు. అలా తోడినకొద్దీ దగ్గరి బావుల్లో నీరు దిగిపోవచ్చు. రెండవది గుణం. బొగ్గులోనూ పక్క రాతిలోనూ ఉండే గంధకపు ఖనిజానికి గాలి, నీరు తగిలితే ఆమ్లం పుడుతుంది. ఇనుము, సల్ఫేటు నీటిలో కలుస్తాయి. మేఘాలయలోని జయంతియా కొండల్లో గంధకం ఎక్కువగా ఉన్న బొగ్గు వలన వాగుల నీరు ఆమ్లమయమైంది. మన గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ. కాబట్టి ఇక్కడ ముఖ్యంగా చూడవలసినవి నీటిలో కరిగిన లవణాలు, సల్ఫేటు, వానకు మట్టిగుట్టల నుండి వాగులోకి దిగే బురద. బురద కంటికి కనబడుతుంది, లవణాలు కనబడవు.

మన సంఘంలో పాలను చూసి ధర కట్టం. శాంపిలు తీసి, వెన్న శాతం కొలిచి, పుస్తకంలో రాస్తాం. నీటికీ అదే పద్ధతి కావాలి.

వాగులో గని నీరు కలిసే చోటుకు ఎగువన ఒక శాంపిలు, దిగువన ఒక శాంపిలు తీయాలి. గనికి దగ్గరి బావులు రెండు, దూరపు బావి ఒకటి ఎన్నుకోవాలి. ఎగువ నీరు, దూరపు బావి లేకుంటే పోల్చడానికి ఏమీ ఉండదు. మే, ఆగస్టు, నవంబరు, జనవరి నెలల్లో అవే చోట్ల మళ్లీ మళ్లీ తీయాలి. బోరు అయితే కొన్ని నిమిషాలు నీరు వదలాలి. సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి నింపాలి. చోటు, తేదీ, వేళ రాసి అంటించి, ఆలస్యం చేయక ప్రయోగశాలకు పంపాలి. బావి మట్టాన్ని తాడుకు బరువు కట్టి కొలిస్తే చాలు.

ఫలితం వచ్చాక ఈ అంకెలు గుర్తుంచుకోండి. మనుషులు తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదు. వేరే నీరు లేనప్పుడు 2,000 వరకు అనుమతి. సల్ఫేటుకు ఈ హద్దులు 200, 400. పశువులు దీనికంటే ఎక్కువ ఓర్చుకుంటాయి. అయినా సల్ఫేటు దూడలకు 500, పెద్ద పశువులకు 1,000 దాటకుండా చూడాలి. అది మితిమీరితే పారుడు పట్టవచ్చు, మేతలోని రాగి వంటికి పట్టదు.

ఒక్క హెచ్చరిక. నైట్రేటు ఎక్కువని తేలితే వెంటనే గనిపై నేరం మోపకండి. గనిలో పేల్చే మందు వలన అది రావచ్చు. బావి పక్కన మనం వేసిన పెంటకుప్ప వలన, పొలంలో చల్లిన యూరియా వలన కూడా రావచ్చు. దూరపు బావిలోనూ అంతే ఉంటే కారణం వేరే చోట వెతకాలి. నిజాయితీగా రాసిన పుస్తకానికే మాట చెల్లుతుంది.

మన పరీక్ష కోర్టులో సాక్ష్యం కాదు. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం ప్రకారం మండలి అధికారి పద్ధతిగా తీసిన శాంపిలే సాక్ష్యం. కానీ ఆ అధికారిని పిలిపించేందుకు, ఏ చోట, ఏ నెలలో తీయాలో చెప్పేందుకు మన పుస్తకం పనికివస్తుంది. 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారం అనుమతి పొందిన గని యాజమాన్యం ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. అది ప్రజలకు తెరిచిన పత్రం. అడిగిన వారికి ప్రతి ఇవ్వాలి. దానిని తెప్పించుకుని మన అంకెల పక్కన పెట్టి చూడండి. రెండూ కలిస్తే ధైర్యం, కలవకపోతే అడగడానికి ఆధారం.

‘మునుపు మా బావి నీరు బాగుండేది’ అంటే విచారణకు వచ్చినవారు ‘ఎంత బాగుండేది?’ అని అడుగుతారు. నీరు బాగున్న రోజునే కొలిచి రాసిపెట్టిన ఊరే దానికి జవాబు చెప్పగలదు. కొత్త గని రాబోయే ఊళ్లవారికి ఇది మరీ ముఖ్యం. తవ్వకం మొదలయ్యాక ఆ మొదటి అంకె మళ్లీ దొరకదు.

కాబట్టి వచ్చే పాలకవర్గ సమావేశంలో తీర్మానం చేసి, పాల పుస్తకం పక్కనే నీటి పుస్తకం తెరవవలసిందిగా ప్రతి సంఘాన్నీ కోరుతున్నాం.