గడ్డ తగలని రొమ్ము క్యాన్సర్

(ఒక విశ్వవిద్యాలయ మహిళా హాస్టల్‌లో విద్యార్థినులు, సిబ్బంది ముందు ఒక డాక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



రొమ్ములో గడ్డ తగిలితే డాక్టర్ దగ్గరకు వెళ్లమని మీరందరూ వినే ఉంటారు. మంచి మాటే. నేను ఇవాళ గడ్డ తగలని క్యాన్సర్ గురించి చెబుతాను. పేరు ఇన్‌ఫ్లమేటరీ బ్రెస్ట్ క్యాన్సర్. రొమ్ము క్యాన్సర్లలో నూటికి 1 నుంచి 5 మాత్రమే ఇలాంటివి. అరుదే, కానీ వారాల్లో ముదిరిపోతుంది. మిగతా రొమ్ము క్యాన్సర్ల కంటే చిన్న వయసులోనే వస్తుంటుంది కూడా.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒకామె ఓపీకి వచ్చింది. ఇలాంటి హాస్టల్ మెస్‌లోనే వంట చేసేది. ఎడమ రొమ్ము వాచింది, వేడిగా ఉంది, జాకెట్ పట్టడం లేదు. "సెగ్గడ్డ లేస్తుందేమోనమ్మా" అంది. మేమూ అదే అనుకున్నాం. జ్వరం లేదు. పాలు తాగే బిడ్డ లేడు, చిన్నవాడు పదో తరగతి. ఈ రెండు సంగతులూ కేస్ షీట్‌లో నా చేతులతోనే రాశాను. రాసి కూడా ఆలోచించలేదు. యాంటీబయాటిక్ ఇచ్చి పంపాం. వారం తర్వాత తగ్గలేదని వస్తే మందు మార్చాం. మూడోసారి రావడానికి ఆమెకు నెలన్నర పట్టింది. పని మానేస్తే ఆ రోజు కూలి పోతుంది కదా. అప్పుడు మా సీనియర్ మేడమ్ చూసి, వెంటనే బయాప్సీ చేయించారు.

మేం ఎందుకు పోల్చుకోలేకపోయాం? పుస్తకంలో 'రొమ్ము ఎర్రబడుతుంది' అని ఉంటుంది. పక్కన ఫొటోలో తెల్లటి ఒంటి మీద గులాబీ రంగు. ఆమెది నల్లటి ఒళ్లు. అక్కడ ఎరుపు లేదు. దెబ్బ తగిలి కమిలినట్టు కాస్త ముదురు రంగు, కొంచెం మెరుపు, అంతే. 2020లో లండన్‌లో మలోన్ ముక్వెండె అనే వైద్య విద్యార్థి, తన అధ్యాపకులతో కలిసి 'మైండ్ ది గ్యాప్' అని ఒక చేతిపుస్తకం తెచ్చాడు. నల్లటి, గోధుమ రంగు చర్మం మీద రోగాలు ఎలా కనిపిస్తాయో చూపించే పుస్తకం అది. చూడగానే నాకు ఆమే గుర్తొచ్చింది. మన ఊళ్లో పుట్టి, మన ఊళ్లో చదివి, మనవాళ్ల ఒంటిని పరాయి ఫొటోతో పోల్చి చూశాను.

సరే, లోపల జరిగేది చెబుతాను. చర్మంలో లింఫ్ అనే ద్రవాన్ని మోసే సన్నని నాళాలు ఉంటాయి. క్యాన్సర్ కణాలు వాటిలో అడ్డం పడతాయి. నీరు కదలక రొమ్ము ఉబ్బుతుంది, బరువెక్కుతుంది. చర్మం దళసరిగా మారి చిన్నచిన్న గుంటలు పడతాయి. డాక్టర్లు దీన్ని నారింజ తొక్కతో పోలుస్తారు. మనకు బత్తాయి తొక్క అంటే ఇంకా బాగా తెలుస్తుంది. బ్రా పట్టీ అచ్చు ఎంతసేపటికీ పోదు. చనుమొన లోపలికి లాక్కుపోవచ్చు. చంకలోనో, మెడ ఎముక పైనో బిళ్ల కట్టవచ్చు. దురద, నొప్పి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మామోగ్రామ్‌లో ఒక్కోసారి ఏమీ కనిపించదు కూడా. కాబట్టి రిపోర్ట్ బాగుంది కదా అని ఊరుకోకండి.

ఇవన్నీ ఉంటే క్యాన్సరే అని కాదు. పాలిచ్చే తల్లులకు ఇన్‌ఫెక్షన్ వస్తే కూడా ఇలాగే వాస్తుంది. తరచూ జ్వరం వస్తుంది, మందులతో తగ్గుతుంది. అసలు తేడా అక్కడే ఉంది. యాంటీబయాటిక్ వాడిన వారం, పది రోజుల్లో తగ్గకపోతే ఇంకో మందు చీటీ తీసుకుని వెనక్కి రావద్దు. "బయాప్సీ చేయాలా మేడమ్?" అని నోరు తెరిచి అడగండి. పాలిచ్చే తల్లి అయినా సరే, అదే ప్రశ్న.

ఇంట్లోవాళ్లు వెంటనే ఆపరేషన్ చేసి తీసేయమంటారు. ఈ క్యాన్సర్‌కు ముందు కీమోథెరపీ ఇస్తారు, తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్. ఆ వరస తప్పకూడదు. గడ్డ అనుకుని ఊళ్లో కోత పెట్టించుకోవడం అసలే వద్దు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె., విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉన్నాయి. ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ చికిత్స ఉంది. కానీ రోగం పేరు తేలేదాకా తిరిగిన బస్సు చార్జీలు, పోయిన కూలి ఏ కార్డు మీదా రావు. మా ఓపీకి వచ్చినామె నెలన్నర అక్కడే పోయింది. ఆమె మాకు దక్కలేదు.

అందుకే మీ మెస్‌లో వండే అక్కలకూ, ఊళ్లో అమ్మకూ ఈ మాట చేరవేయండి. అవసరమైతే హాస్పిటల్‌కు తోడు వెళ్లండి. ఒక రొమ్ము మారినట్టు అనిపిస్తే మొదట గమనించిన తేదీ రాసి పెట్టుకోమనండి. పగటి వెలుతురులో, రెండూ పక్కపక్కన కనిపించేలా ఫొటో తీసి తన ఫోన్‌లోనే ఉంచుకోమనండి. ఎంత త్వరగా మారిందో డాక్టర్‌కు ఆ ఫొటోలే చెబుతాయి.

ఇక మీరు అడగండి. పైకి అడగడానికి మొహమాటమైతే చీటీ రాసి పంపండి, పేరు రాయనక్కర్లేదు.