పొట్టి రివాల్వరు - తగిన తూటా

ఆత్మరక్షణకై రివాల్వరు లైసెన్సు పొందిన గృహస్థులు మన గోదావరి జిల్లాలలో పెక్కుమంది లేరు. ఉన్నవారు సైతము ఆయుధమును కొనునపుడు చూపిన శ్రద్ధలో నాలుగవ వంతైనను తూటాల విషయమున చూపుట అరుదు. ఉక్కు మెరుగు చూతురు, పిడి చేతికి అమరినదో లేదో చూతురు, తుదకు "తూటాలా, ఏవి యున్న అవే యిమ్ము" అందురు. ఎద్దులను ఏరి ఏరి కొనితెచ్చి, పలుపునకు ఏ త్రాడైన చాలుననుకొన్నట్లుండును ఇది. ఆపదవేళ పని చేయవలసినది తూటా. రివాల్వరు దానిని పట్టి యుంచు సాధనము మాత్రమే. నేటి ప్రసంగమున ఆ తూటాను గురించి ముచ్చటింపదలచితిమి.

ముందుగా మాటలను సరిచూచుకొందము. తూటా యనగా ఇత్తడి గిన్నె, దాని అడుగున క్యాపు, లోపల మందు, పైన గుండు - ఈ నాలుగును కలిసిన వస్తువు. పోయి తగులునది గుండు మాత్రమే. ఈ భేదమును మరచి మాటలాడుటవలననే అంగడిలో సగము పొరపాట్లు జరుగుచున్నవి.

మన దేశమున పౌరునకు ఎంపిక విశాలమైనది కాదు. 1959 నాటి ఆయుధముల చట్టము 1962 అక్టోబరు 1వ తేదీన అమలులోనికి వచ్చినది. దాని క్రింద సైన్యమును, పోలీసులును వాడు 9 మిల్లీమీటర్లు, .38 వంటి బోరులు సామాన్య పౌరునకు నిషిద్ధములు. అందుచేత లైసెన్సుదారుని చేతికి వచ్చునది సాధారణముగా .32 బోరు రివాల్వరు. ఢిల్లీలో 2012 డిసెంబరున జరిగిన ఘోరము తరువాత, 2014లో కాన్పూరు ఫీల్డ్ గన్ కర్మాగారమువారు 'నిర్భీక్' అను పేర వెలువరించిన అర కిలో తూకపు రివాల్వరు కూడ ఈ బోరుదే. విదేశముల పత్రికలు పాతిక రకముల తూటాలను ప్రక్కప్రక్కన పెట్టి తర్కించుచుండును. మన అంగడిలో ఒకటో రెండో రకములు దొరకిన అదృష్టము. కొద్దిపాటి ఎంపికయే గనుక అందు పొరపాటు పడరాదు.

మొదటి పొరపాటు పేరులోనే కలదు. .32 రివాల్వరు తూటా వేరు, .32 పిస్టలు తూటా వేరు. రివాల్వరు తూటా 1896లో అమెరికాలో పుట్టినది; స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్ అని దానికి పేరు. పిస్టలు తూటా బ్రౌనింగ్ రూపొందించినది. పొట్టిది, కాని లోపలి పీడనము హెచ్చు. చిక్కేమనగా, ఈ రెండవది కొన్ని రివాల్వర్ల చక్రములో పట్టును కూడ. పట్టినంత మాత్రమున అది దాని స్థానము కాదు. తాతగారి కాలమునుండి పెట్టెలో నున్న పాత రివాల్వరులో అట్టి తూటా ప్రేల్చుట చేతికిని, కంటికిని ప్రమాదము. ఆయుధముపై చెక్కిన అక్షరములను, పెట్టెపై అచ్చువేసిన అక్షరములను ఒకదాని ప్రక్క నొకటి ఉంచి చదువుకొనుడు. దుకాణదారుని మాట చాలదు.

ఇక పొట్టి గొట్టము సంగతి. మందు అంటుకొని పుట్టిన వాయువు గుండును వెనుకనుండి త్రోయును. గొట్టము పొడవైనకొలది ఆ త్రోపు కొంతసేపు సాగును. రెండంగుళముల గొట్టమున అది సగములోనే ముగిసి, మిగిలిన బలము మంటగాను మ్రోతగాను బయటికి పోవును. .32 రివాల్వరు తూటాలో మొదటినుండి వచ్చుచున్న సీసపు గుండు 98 గ్రెయినులు, అనగా అరతులమునకు కొంచెము హెచ్చు. నాలుగంగుళముల గొట్టమున దాని వేగము సెకండుకు సుమారు 700 అడుగులు. పొట్టి గొట్టమున ఇంకను తక్కువ. సైనికుల 9 మిల్లీమీటర్ల పిస్టలు గుండు వేగము 1,100 అడుగులకు పైమాట.

ఈ లెక్క ఎందుకనగా, ముక్కున గుంట గల గుండును గురించి చాలమంది అడుగుదురు. అది శరీరమును తాకినంతనే పువ్వువలె విచ్చుకొని ఎదుటివానిని అక్కడనే నిలుపునని ప్రతీతి. విచ్చుకొనుటకు వేగము కావలెను. 700 అడుగుల లోపు వేగమున ఆ పువ్వు తరచుగా మొగ్గగానే యుండిపోవును. దుస్తుల నూలు గుంటలో క్రుక్కుకొన్నను విచ్చదు. ఒకవేళ విచ్చినను, ఉన్న కొద్ది బలమును అక్కడనే వ్యయించి లోనికి పోజాలదు. 1986లో మయామీ నగరమున జరిగిన కాల్పుల తరువాత అమెరికా ఎఫ్.బి.ఐ. వారు ఈ విషయమును పరిశోధించి, గుండు పన్నెండంగుళములైన లోనికి పోవలెనని నియమము పెట్టుకొనిరి. పొట్టి .32కు రెండు గుణములను ఒకేసారి కోరుట, ఒంటెద్దు బండికి రెండు పుట్ల ధాన్యము ఎక్కించుటయే.

విచ్చుకొను గుండునకు మన దేశముతో పాత చుట్టరికము కలదు. కలకత్తా చేరువనున్న డమ్‌డమ్ ఆయుధాగారమున 1890 తరువాతి సంవత్సరములలో అట్టి రైఫిలు తూటాలను చేసిరి. ఆ ఊరిపేరే లోకమున వానికి నిలిచినది. 1899లో హేగ్ నగరపు సభ రాజ్యముల మధ్య యుద్ధములలో వానిని నిషేధించెను. పౌరుని ఆత్మరక్షణకు ఆ నిషేధము వర్తింపదు. అయినను ఆ చరిత్రలో మనకు పనికివచ్చు మరియొక ఘట్టము కలదు. మొదటి ప్రపంచయుద్ధమున ఆంగ్లసైన్యము వాడినది .455 రివాల్వరు. దాని గుండు తులమున్నర తూగును. కొట్టిన దెబ్బ గట్టిది, చేతిని తన్నిన తాపును గట్టిదే. అల్పకాలము శిక్షణ పొందిన సైనికునకు గురి కుదురకపోయెను. యుద్ధానంతరము వారు ఆలోచించి చిన్నదగు .38కు దిగిరి. పెద్ద గుండు తప్పిపోవుటకంటె చిన్నది తగులుట మేలను నిర్ణయమునకు సామ్రాజ్యమే వచ్చినప్పుడు, నెలకొక తూటాయైనను కాల్చని గృహస్థు వేరుగా తలచుట ఏల?

కనుక మా సలహా ఇది: పొట్టి .32కు సాదా గుండే చాలును, చేతిని తక్కువగా తన్నునదియే మేలు. గురి పోటీలవారు వాడు చదును ముక్కు గుండు దొరకిన ఇంకను మంచిది. అది విచ్చుకొనవలసిన పని లేకుండనే అంచుతో కోసికొని పోవును, తాపు తక్కువ. అది అంగడిలో ఎల్లప్పుడు దొరకునది కాదు. చక్రములో తిరిగి నింపుకొనుట కొంత ఆలస్యము. ఎవరో ఇంటిలో తిరిగి నింపిన తూటాలను మాత్రము ముట్టరాదు. గిన్నె అంచు గట్టిగా నొక్కని తూటాలలో, తేలిక రివాల్వరు ఊపునకు గుండు ముందుకు జారి చక్రమును బిగించివేయును. పరీక్షించుట సులభము. రైఫిల్ క్లబ్బులో ఐదు తూటాలు కాల్చి, ఆరవదానిని తీసి, పెట్టెలోని క్రొత్తదానితో పొడవు పోల్చి చూడుడు.

ఇంతవరకు చెప్పినది ఏ దేశపువారికైనను చెల్లును. డెల్టాలో నివసించువారికి వేరే శత్రువు కలదు - తేమ. జూను చివరనుండి నవంబరు వరకు మన ఇండ్లలో ఉప్పు నీరుకారును, అగ్గిపుల్ల వెలుగనని మొరాయించును. నరసాపురము, అంతర్వేది వంటి తీరప్రాంతములలో గాలియే ఉప్పు. ఇత్తడికి కిలుము పట్టుటకు ఇంతకంటె ఏమి కావలెను? తోలు సంచిలో తూటాలను నెలల తరబడి ఉంచువారు ఆ కిలుమును చేతులార పెంచుచున్నారు. తోలును పదును చేసిన ద్రవ్యమే ఇత్తడిని తినును. కొందరు భక్తితో తూటాలకు నూనె పూయుదురు. ఆ నూనె క్యాపు సందున దిగి అందలి మందును చంపివేయును. రివాల్వరునకు పలుచగా నూనె, తూటాకు పొడిగుడ్డ - ఇది నియమము. మూత బిగువైన డబ్బాలో, తేమను పీల్చు సిలికా పొట్లముతో, వంటయింటి వేడికి దూరముగా తాళము వేసి దాచవలెను. పిల్లలున్న ఇంట తాళము సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

1986 ఆగస్టు గోదావరి వరదను, 1996 నవంబరు కోనసీమ తుపానును చూచినవారికి ఇంటిలో నీరు నిలుచుట యనిన నేమో తెలియును. నీట మునిగిన తూటాలను ఎండబెట్టి మరల నింపుకొనరాదు. పైకి ఎంత తళతళలాడినను వానిపై ప్రాణము పెట్టుకొన వీలులేదు.

ఎన్నికలవేళ లైసెన్సు ఆయుధములను పోలీసు స్టేషనులో అప్పగింపుమని అధికారులు కోరుట కలదు. తిరిగి వచ్చిన దినముననే తూటాలను ఒక్కొక్కటిగా వెలుతురున పరికింపుడు. గీతపడినది, సొట్టపడినది, పచ్చబడినది వేరు చేయుడు. అభ్యాసవేళ ఒకటి ప్రేలకున్న వెంటనే చక్రము తెరువక, గొట్టమును నిరపాయమగు దిక్కునకే త్రిప్పి అర నిమిషము ఆగుడు. ఆలస్యముగా ప్రేలుటయు కలదు. నిజమైన ఆపదలో మాత్రము ఆగనక్కరలేదు. మీట మరల నొక్కిన వేరొక తూటా ఎదుటికి వచ్చును. రివాల్వరు గొప్పతనమంతయు అందే కలదు.

గోడల మాట మరువరాదు. తాటాకు దడి, పలుచని చెక్క తలుపు ఏ గుండునైనను ఆపజాలవు. పొరుగింటి మంచము మన గోడకు ఆవలనే యుండును. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహిత 34 మొదలు 44 వరకు గల సెక్షనులలో ఆత్మరక్షణ హక్కును చెప్పినది. అవసరమునకు మించి హాని చేయరాదనియు, అధికారుల సహాయము కోరుటకు వ్యవధి యున్న ఆ హక్కు లేదనియు 37వ సెక్షను స్పష్టపరచినది. పారిపోవుచున్న దొంగ వీపున తగిలిన గుండునకు ఏ రకపు తూటాయును సమాధానము చెప్పదు.

చక్రములో నింపియుంచిన తూటాలను ఏటేట వానలు వెలిసిన తరువాత అభ్యాసమున కాల్చివేసి, లైసెన్సులో వ్రాసిన లెక్కకు లోబడి క్రొత్తవి కొనుడు. చెడినవానిని కాలువలో గాని, చెత్తకుప్పలో గాని పారవేయక, లైసెన్సుతోసహా పోలీసు స్టేషనుకో, ఆయుధముల దుకాణమునకో తీసికొనిపోయి అప్పగించి, లెక్కలో వ్రాయించుకొనుడు.