గెడ్డ అవతలి బడి

పాడేరు కొండల్లో, ఇంట్లో కువి మాట్లాడే పిల్లవాడు ఒకటో తరగతిలో చేరతాడు. పుస్తకం తెలుగులో ఉంటుంది. మైదానం నుంచి వచ్చిన మాస్టారికి కువి రాదు. వానాకాలం గెడ్డ పొంగితే ఆ మాస్టారూ రాలేరు. పిల్లవాడు పలక సంచిలో పెట్టుకుని తల్లి వెంట పోడు పొలానికి వెళ్లిపోతాడు.

2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67 శాతం. గిరిజనుల్లో 49 శాతమే.

ఈ చిక్కు తీర్చడానికి ప్రభుత్వం 2000లో మూడో నంబరు జీవో తెచ్చింది. రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ఏజెన్సీ ప్రాంతాల బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అన్నది. బడికి ఊరి భాష తెలిసిన టీచరు వచ్చారు, బీఎడ్ చదివిన యువతకు కొండ మీదే కొలువు దొరికింది. చదువునూ ఉపాధినీ ఒకేసారి అందించిన ఇలాంటి ఏర్పాట్లు అరుదు. 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపితో, బహుభాషా విద్య కూడా మొదలైంది. అయితే ఊరి భాష మాట్లాడే టీచరు లేని బడిలో ఆ భాషల వాచకాలు బీరువా దాటి రావు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంటూ ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే చేరినవారి ఉద్యోగాలను మాత్రం షరతులతో నిలిపింది. తర్వాత చదువు ముగించినవారు పట్నం కోచింగ్ సెంటర్లలో తయారైనవారితో తలపడాలి. కొండ ఊళ్లో కోచింగ్ ఎక్కడిది?

షెడ్యూలులో చేరని గిరిజన గ్రామాలు ఏజెన్సీ అంచున ఇంకా ఉన్నాయి. అదే కొండ, అదే గెడ్డ. జీవో బతికున్న రోజుల్లోనూ అది ఆ ఊళ్లవారికి వర్తించలేదు. గిరిజనుల భూమిని కాపాడే 1/70 చట్టమూ వారికి లేదు.