మందుల పద్దు



ఒకటో తారీఖు రాగానే పాలకింత, కిరాణా కొట్టుకింత, కరెంటుకింత అని చీటీ రాసుకుంటాం గదా! అందులో మందుల షాపు పద్దు ఎన్నో వరుసలో రాస్తారు మీరు? ఇంటాయన బి.పి. మాత్రలు, అత్తగారి షుగరు మాత్రలు ఎలాగో కొంటాం. ఖర్చు తగ్గించవలసి వస్తే ఇల్లాలు తన మాత్రల దగ్గరే తగ్గిస్తుంది.

ఆపరేషను అంటే ఒక దారుంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఎందరో పేదలు గుండె ఆపరేషన్లు సైతం చేతిడబ్బు పడకుండా చేయించుకున్నారు. కాని ఏళ్ళ తరబడి ఇంట్లో మింగే మాత్రల సంగతో? ప్రభుత్వాసుపత్రిలో బి.పి., షుగరు మాత్రలు ఉచితంగానే ఇస్తారు, తప్పక అడగండి. అయితే బయటి డాక్టరు రాసిందే అక్కడ దొరకాలని లేదు. అప్పుడు ఖర్చు మనదే.

మా వీధిలో ఒక పిన్నిగారు పది మాత్రల అట్టను ఇరవై రోజులు లాగించేవారు. "ఒంట్లో బాగానే ఉందిగా అమ్మా" అనేవారు. బి.పి.తో వచ్చిన చిక్కే అది! పెరిగినా చాలామందికి తెలియదు. తెలిసేసరికి పక్షవాతం రావచ్చు.

చీరల కొట్లో యాభై చీరలు తీయించి బేరమాడే మనం మందుల షాపులో మాత్రం నోరెత్తం. ఎందుకంటారు?

అట్ట మీద చూడండి, రెండు పేర్లుంటాయి. ఒకటి కంపెనీ పెట్టుకున్నది, రెండోది మందు అసలు పేరు. బి.పి.కి వాడే ఆమ్లోడిపిన్‌నే తీసుకోండి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో, ఒక్కో ధరకు అమ్ముతుంది. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాల్లో మందులు అసలు పేరుతోనే దొరుకుతాయి. చాలావాటి ధర పేరున్న కంపెనీల ధరలో సగం కూడా ఉండదు. "డాక్టరుగారూ, ఇదే మందు అసలు పేరుతో రాసిస్తారా?" అని అడగడానికి మొహమాటమెందుకు? ఫీజు ఇస్తున్నాం గదా!

ఒక్క జాగ్రత్త. అసలు పేరొక్కటే కాదు, ఎన్ని మిల్లీగ్రాములో కూడా సరిచూసుకోండి. థైరాయిడ్, ఫిట్స్ మాత్రలయితే డాక్టరును అడగకుండా కంపెనీ మార్చవద్దు. అట్ట మీద వేసిన ధర గరిష్ఠ ధర మాత్రమే, అంతకు తక్కువకు అమ్మకూడదని ఎక్కడా లేదు. కాబట్టి తగ్గించమని అడగండి, బిల్లు తీసుకోండి. మాత్ర మార్చిన కొద్దివారాలకు బి.పి. మళ్ళీ చూపించుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దానికి డబ్బు తీసుకోరు.